గోధుమ పడని పిల్లాడి ఇంట్లో సొంత పిండి మర, 14 నెలలు వాడాక

మేం కొన్నది ఇంట్లో వాడుకునే పిండి మర, 1 హెచ్‌పీ మోటారుది. చిన్న బీరువాలా నిలువుగా ఉంటుంది, పైన గింజలు పోస్తే కింద స్టీలు డబ్బాలోకి పిండి వస్తుంది, షాపుల్లో ఆటా చక్కీ అని అడిగితే చూపిస్తారు. మొత్తం 19,500 అయ్యింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, నేను చెప్పే మంచీ చెడూ రెండూ ఈ రకం మెషిన్లు దాదాపు అన్నిట్లో ఉండేవే, మా చెల్లి వాళ్ళకి గాజువాకలో వేరే కంపెనీది ఉంది, దాన్ని కూడా విప్పి చూశాకే రాస్తున్నా.

కొనే ముందు ఈ మెషిన్ల గురించి దొరికిన రివ్యూలన్నీ చదివాను. అన్నిట్లో చపాతీ ఎంత మెత్తగా వచ్చింది, కేజీ గోధుమలకి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవే. మా ఇంటికి వచ్చాక ఈ మరలో గోధుమ పోసింది లేదు, పొయ్యనివ్వను కూడా. మా బాబుకి ఆరేళ్ళు, వాడికి గోధుమ పడదు, పాలు పడవు. గుడ్డు మాత్రం పడుతుంది, కేకులు చేసే దగ్గర అది నాకు ఎంత పెద్ద ఊరటో మాటల్లో చెప్పలేను.

పాల సంగతి అన్నప్రాశన రోజే తెలిసింది. పరమాన్నం ముచ్చటగా మూడుసార్లు నాలిక్కి రాశారు, పది నిమిషాల్లో పెదాలు ఉబ్బిపోయి మెడంతా దద్దుర్లు వచ్చేశాయి, పంతులుగారు ఇంకా ఆశీర్వచనం చదువుతున్నారు, మేం అక్షింతలతోనే ఆటో ఎక్కేశాం. గోధుమ సంగతి పదో నెలలో, గోధుమ రవ్వ జావ పట్టాక, ఆ సారి దద్దుర్లతో పాటు దగ్గూ ఆయాసం కూడా. తర్వాత టెస్టులు చేయించి డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు, ఇది అరగకపోవడం కాదమ్మా, వీడి ఒళ్ళు పాలల్లో ఉండే ప్రొటీన్‌నే శత్రువనుకుంటోంది అని. లాక్టోస్ (పాలల్లో ఉండే చక్కెర) అరగని వాళ్ళ సమస్య వేరు, ఇది వేరు. అందుకే గేదె పాలు పట్టు, మేక పాలు పట్టు అని చుట్టాలు ఇచ్చే సలహాలేవీ మాకు పనికిరావు, ఆ పాల ప్రొటీన్లు కూడా ఆవు పాల వాటికి బాగా దగ్గరగానే ఉంటాయట. నెయ్యిలో ఏముంటుందమ్మా అంతా కాగిపోతుంది కదా అంటారు, అందులో కూడా కొంచెం మిగిలే ఉంటుంది.

పాలు కంటికి కనపడతాయి కాబట్టి తప్పించడం కొంచెం నయం. గోధుమ అలా కాదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా అన్నీ గోధుమే అని మనకి తెలుసు, కానీ ఇంగువలో ఉంటుందని ఎంతమందికి తెలుసు? ఆర్నెల్ల పాటు పులిహోర తిన్నప్పుడల్లా వాడి మూతి చుట్టూ ఎర్రగా వచ్చేది, చింతపండు పడట్లేదేమో అనుకుని నిమ్మకాయతో చేశాను, అప్పుడూ వచ్చింది. ఒకరోజు ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే అందులో గోధుమ పిండి రాసి ఉంది. మనం కొనే పొడి ఇంగువ చాలావరకు పిండీ బంకా కలిపిందే, కొన్నిటిలో బియ్యప్పిండి ఉంటుంది, కొన్నిటిలో గోధుమ. అప్పట్నుంచి మా ఇంట్లో చదవకుండా ఏ డబ్బా మూతా తియ్యం.

ప్యాకెట్ సరుక్కి ఆ చదువుకునే అవకాశమైనా ఉంది. 2020 లో వచ్చిన లేబులింగ్ రూల్స్ ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ (గోధుమలో సాగుడునిచ్చే ప్రొటీన్) ఉండే ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు పీతలు, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటివి, సోయా, ఇవి ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. మరలో ఆడించి సంచిలో పోసిచ్చే పిండికి లేబుల్ ఎక్కడుంటుంది? నా మొత్తం కష్టం అక్కడే మొదలైంది.

మాది వైజాగ్‌లో కంచరపాలెం. మా వీధి చివర పిండి మిల్లు ఉంది, నడిపే ఆయన్ని మేం బాబాయి అంటాం. బాబుకి రెండేళ్ళప్పుడు ఆయనకి విషయం అంతా చెప్పి, మా చోళ్ళు, బియ్యం కొంచెం జాగ్రత్తగా ఆడించగలరా బాబాయి అని అడిగితే, "ఏటమ్మా దానికేటుంది, పొద్దున్నే వచ్చీ, రాత్రే మిల్లు తుడిపించి పెడతాను, నీదే ముందు ఆడేద్దాం" అన్నాడు. (వేరే ఊళ్ళ వాళ్ళకి, చోళ్ళు అంటే రాగులు, మా వైపు అలాగే అంటాం.) నిజంగానే రెండున్నరేళ్ళు అలా చేశాడు, పొద్దున్న ఆరున్నరకి షట్టరు తియ్యగానే నేను ఉండేదాన్ని, ముందు అరకేజీ బియ్యం ఆడి అది పక్కన పడేసి తర్వాత మాది ఆడేవాడు, ఆ అరకేజీ బియ్యం డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు. ఆయన చేసిన సాయానికి నేను ఎప్పటికీ రుణపడే ఉంటాను.

ఒకసారి దసరా అయ్యాక ఆయన ఊరెళ్ళాడు, మిల్లులో కొత్త కుర్రాడున్నాడు. ముందురోజు రాత్రి చివర్లో గోధుమలు ఆడారు, తుడవలేదు, నేను అడిగితే క్లీన్ చేశానండి అన్నాడు, నేను నమ్మేశాను. ఆ చోడిపిండితో అట్టు వేశాను, వాడు రెండు ముక్కలు తిన్నాడో లేదో గొంతు దగ్గర గోక్కోవడం మొదలెట్టాడు, తర్వాత దగ్గు, వాంతి. డాక్టర్ గారు ముందే కాగితం మీద రాసిచ్చారు ఏ లక్షణం కనపడితే ఏం చెయ్యాలో, ఆ ప్రకారం అలర్జీ సిరప్ కోసం చూడకుండా నేరుగా ఆస్పత్రికి పరిగెత్తాం, అక్కడ తొడకి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ చేసి సాయంత్రం దాకా ఉంచుకున్నారు. బాబాయి ఊర్నించి రాగానే ఇంటికొచ్చాడు, బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన తప్పేముంది. ఊరందరి గోధుమలూ వెళ్ళే గొట్టంలోంచే మా చోళ్ళూ వెళ్ళాలి, గాల్లో కూడా ఆ పిండే, ఎంత తుడిచినా ఎక్కడో ఒక మూల మిగులుతుంది. ఆ వారమే మర కొనాలని డిసైడ్ అయ్యాం.

ఇక కొనేవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మెషిన్ డెలివరీ అయ్యాక రెండో రోజు ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఒకబ్బాయి వచ్చాడు, చేతిలో సంచి, అందులో కేజీ గోధుమలు. డెమో కోసమట మేడం, అందరికీ గోధుమలతోనే చూపిస్తాం అన్నాడు. గుమ్మం దగ్గరే ఆపేశాను. ఆ అబ్బాయి మంచివాడే, విషయం చెప్పగానే సంచి కిందకి తీసుకెళ్ళి బండిలో పెట్టి చేతులు కడుక్కుని వచ్చాడు, మా బియ్యంతో డెమో చేద్దామన్నాడు. బియ్యం పొయ్యబోయే ముందు ఎందుకో అనుమానమొచ్చి తలుపు తీసి లోపల గదిలో ఫోన్ లైట్ వేసి చూశాను. జాలీ (పిండి బయటికి వచ్చే కన్నాల రేకు) వెనక, మూలల్లో, సన్నగా తెల్లగా పిండి అంటుకుని ఉంది. సీలు మా కళ్ళముందే తీశారు, కొత్త మెషినే. అడిగితే ఫ్యాక్టరీలో ఒకసారి గింజలు వేసి టెస్ట్ చేసి పంపుతారు మేడం అన్నాడు. ఏం గింజలు అంటే ఫోన్ చేసి కనుక్కుని గోధుమలే అన్నాడు.

ఇది ఏ బ్రోచర్‌లోనూ లేదు. మామూలు వాళ్ళకి అవసరం కూడా లేదు. కానీ మాలాంటి ఇంట్లో, కొత్తది కదా, శుభ్రంగానే ఉంటుంది కదా అని మొదటి రోజే పిల్లాడికి అట్టు వేసి పెడితే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆ రోజు ఆ అబ్బాయినే బతిమాలి బ్లేడు, జాలీలు, గుడ్డ ఫిల్టరు, గింజలు దిగే గొట్టం అన్నీ విప్పించాను. జాలీలు, డబ్బా సబ్బు నీళ్ళతో కడిగి ఎండబెట్టాం, లోపలి గది నీళ్ళు తగలకూడదు కాబట్టి ముందు బ్రష్షు, తర్వాత కొంచెం తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డ. గుడ్డ ఫిల్టరు మాత్రం ఎన్నిసార్లు ఉతికినా నాకు నమ్మకం కుదరలేదు, డబ్బులిచ్చి ఇంకోటి తెప్పించా. తర్వాత చవక బియ్యం మూడు కేజీలు ఒక్కో కేజీ చొప్పున ఆడి ఆ పిండి మా పనమ్మాయికి ఇచ్చేశాను, వాళ్ళింట్లో అందరికీ గోధుమ పడుతుంది. ఆ తర్వాత ఆడిన పిండి కూడా డాక్టర్ గారిని అడిగి, ఆయన చెప్పినట్టు చాలా కొంచెంతో మొదలుపెట్టి, పగటి పూట, మా ఆయన బండి తాళాలు పక్కన పెట్టుకుని ఉండగా పెట్టాను. ఏం కాలేదు.

అందుకే సెకండ్ హ్యాండ్ మర ఎంత చవకగా వచ్చినా ఇలాంటి ఇంటికి వద్దు. షోరూంలో డెమోకి పెట్టిన పీసు డిస్కౌంట్‌లో ఇస్తామన్నా వద్దు.

ఇప్పుడు మెషిన్ పనితనం. ఇందులో రాయి ఉండదు, స్టీలు బ్లేడ్లు వేగంగా తిరిగి గింజని కొట్టి జాలీలోంచి బయటికి తోస్తాయి. జాలీలు చాలా ఇచ్చారు, సన్నవి పిండికి, పెద్ద కన్నాలవి రవ్వకి. చోళ్ళు చాలా చిన్న గింజ కదా, ఆడుతుందా లేదా అని భయపడ్డాను, అన్నిటికన్నా సన్న జాలీ పెడితే బ్రహ్మాండంగా ఆడింది, కాకపోతే నిదానం, కేజీకి పావుగంట పైనే. బియ్యం ఇంకా తొందరగా అయిపోతుంది. ఇడ్లీ రవ్వ ఇంట్లోనే వస్తోంది. శనగపప్పు ఆడి శనగపిండి చేస్తున్నా, దాంతో నాలుగేళ్ళ తర్వాత మా ఇంట్లో జంతికల గొట్టం బయటికొచ్చింది. బజారు శనగపిండి కూడా గోధుమలు ఆడే మరలోదే అయ్యుంటుందని అన్నాళ్ళూ కొనలేదు. మొదటిసారి జంతికలు వేసిన రోజు వాడు స్కూల్నించి వచ్చి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఇవన్నీ నావేనా అమ్మా అని అడిగాడు.

పిండి వేడిగా వస్తుంది. వెంటనే మూత పెడితే లోపల చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, పళ్ళెంలో ఆరబోసి చల్లారాకే డబ్బాకెత్తాలి. గింజలు కూడా బాగా ఎండి ఉండాలి, మన వైజాగ్ గాలిలో చెమ్మ ఎంతో తెలుసు కదా, వానాకాలంలో చోళ్ళు డాబా మీద రెండు ఎండలు చూడకపోతే జాలీకి అంటుకుపోయి మోటారు మూలుగుతుంది.

గింజల దగ్గర కూడా జాగ్రత్త కావాలి, మర ఒక్కటే శుభ్రంగా ఉంటే సరిపోదు. లూజుగా అమ్మే కొట్టులో గోధుమల బస్తాలో ముంచిన డబ్బాతోనే చోళ్ళు కూడా తీస్తారు. ఒకసారి చేటలో పోసి చెరుగుతుంటే కేజీ చోళ్ళల్లో ఏడు గోధుమ గింజలు దొరికాయి మా అత్తయ్యకి. ఇప్పుడు పాడేరు, అరకు వైపు నుంచి తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర విడిగా మూట కొంటున్నాం. అయినా సరే ప్రతి గింజా చేటలోంచి వెళ్ళాల్సిందే, ఆ పని మా అత్తయ్యది. ఆవిడకి షుగర్, రాత్రి పూట రెండు చపాతీలు తినే అలవాటు ఇరవై ఏళ్ళది, బాబు ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు రాత్రి ఎవరూ అడక్కుండానే చపాతీ పీట, కర్ర ఎదురింటి వాళ్ళకి ఇచ్చేసి చోడిరొట్టె మొదలెట్టారు. చెక్కకి పట్టిన పిండి కడిగితే పోదు, నేను ఆ మాట ఎలా చెప్పాలా అని నెలల తరబడి మథనపడుతున్నా, ఆవిడే చేసేశారు.

కేకుల సంగతికొస్తే, అసలు నాకు ఈ మర విలువ తెలిసింది అక్కడే. గోధుమ లేని కేకు ఇసకలా పలుకులుగా ఉంటుందని అందరూ అంటారు, నాకూ రెండేళ్ళు అలాగే వచ్చేది, మిల్లు బియ్యప్పిండి ఎంత జల్లించినా నోట్లో పలుకు తగిలేది. ఇందులో సన్న జాలీలో ఆడిన పిండిని మళ్ళీ ఇంకోసారి పోసి ఆడితే (నిదానంగా, కొంచెం కొంచెం పొయ్యాలి) పౌడరులా వస్తుంది. నేను వేసే లెక్క ఇది, 150 గ్రాముల బియ్యప్పిండి, 50 గ్రాముల చోడిపిండి, 30 గ్రాముల సగ్గుబియ్యం మిక్సీలో పొడి చేసి, మూడు గుడ్లు, 150 గ్రాముల అనకాపల్లి బెల్లం తురుము, 150 ఎంఎల్ కొబ్బరిపాలు, 80 ఎంఎల్ నూనె. బేకింగ్ పౌడర్ తప్ప అన్నీ కలిపి అరగంట పక్కన పెట్టాలి, ఆ అరగంటలో పిండి తడి పీల్చుకుని పలుకు పోతుంది, ఇది చాలామంది వదిలేస్తారు. తర్వాత చెంచాన్నర బేకింగ్ పౌడర్ కలిపి 170 డిగ్రీల్లో 40 నిమిషాలు. బేకింగ్ పౌడర్‌లో కూడా ఏదో ఒక పిండి కలుపుతారు, ఎక్కువగా మొక్కజొన్నది, అయినా చదివే కొనండి. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), టిన్నులు కూడా కొత్తవే వాడుతున్నా.

పోయిన పుట్టినరోజుకి రెండు పొరల కేకు చేశాను. క్రీము కొబ్బరిపాలతో గిలక్కొట్టొచ్చని చూసి రెండుసార్లు ట్రై చేశా, మన ఉక్కకి పది నిమిషాల్లో కారిపోయింది. మా అత్తయ్య పొయ్యి మీద కొబ్బరి లౌజు (తీపి పాకంలో ఉడికించిన కొబ్బరి తురుము) కలిపి, ఇది మధ్యలో పెట్టవే అన్నారు. అంతే, రెండు పొరల మధ్య లౌజు, పైన కొంచెం లౌజు, చుట్టూ అరటిపండు ముక్కలు. ఆ కేకు అపార్ట్‌మెంట్ పిల్లలందరూ తిన్నారు. ఆరేళ్ళల్లో మొదటిసారి మా బాబు అందరితో పాటు ఒకే కేకు ముక్క తిన్నాడు, పక్కన వేరే గిన్నెలో కాకుండా. మా ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపు రాలేదు.

బ్రెడ్డు ఇంకా పూర్తిగా కుదరలేదు, నిజం చెప్తున్నా. గోధుమలో ఉండే సాగుడు బియ్యప్పిండికి రాదు, దానికి ఇసబ్‌గోల్ పొట్టు వాడుతున్నా, 300 గ్రాముల పిండికి 15 గ్రాములు ముందు నీళ్ళల్లో నానబెట్టి. వేడిగా ఉన్నప్పుడు బాగుంటుంది, మర్నాటికి గట్టిపడుతుంది, పెనం మీద కాల్చి పెట్టాల్సిందే.

దీనికి చేతకాని పనులు కూడా చెప్పాలి. అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది తడిపిండి. సంక్రాంతికి పోకుండలు, అరిసెలు నానబెట్టిన బియ్యం ఆడిన పిండితోనే కదా కుదిరేది, ఈ మరలో తడి గింజ అస్సలు పొయ్యకూడదు, జాలీ మొత్తం ముద్ద కట్టేస్తుంది. కొనేటప్పుడు షాపులో అన్నీ ఆడుతుందండి అన్నారు, మాన్యువల్ తెరిచి చదివితే తడివి, నూనె గింజలు వద్దని రాసుంది. నువ్వులు, అవిసెలు, పల్లీలు కూడా పొయ్యకూడదు. తడిపిండికి మళ్ళీ వీధి మిల్లుకి వెళ్ళలేం, అందుకని ఈ సంక్రాంతికి రెండు కేజీల బియ్యం నానబెట్టి గుడ్డ మీద వార్చి, కొంత మిక్సీలో కొంత రోట్లో దంచి జల్లించుకునేసరికి నాకూ మా అత్తయ్యకీ మధ్యాహ్నం మొత్తం పోయింది. పోకుండలు మాత్రం బాగా వచ్చాయి.

చప్పుడు ఎక్కువ. మా కింద ఫ్లాట్‌లో అంకుల్‌ది స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్టులు, పగలు పడుకుంటారు, పాపం ఆయనే పైకొచ్చి చెప్పారు. ఇప్పుడు కింద మందంగా రబ్బరు మ్యాట్ వేసి, ఆయన షిఫ్టు తెల్సుకుని సాయంత్రం ఐదూ ఆరూ మధ్యలో ఆడుతున్నాం. బరువు కూడా ఎక్కువే, చక్రాలున్నా ఇద్దరు కావాలి. గీజరుకి పెట్టే పెద్ద ప్లగ్గు పాయింటు దగ్గరే పెట్టుకోండి. కరెంటు గురించి భయపడక్కర్లేదు, 1 హెచ్‌పీ అంటే 746 వాట్లు, నెలకి నాకు రెండు మూడు గంటల పని, బిల్లులో తేడా తెలియట్లేదు.

ఉప్పు గాలి ఇంకో సమస్య. మాకు సముద్రం మరీ దగ్గర కాదు, అయినా మొదటి వర్షాకాలం దాటేసరికి రెండు జాలీల అంచులు తుప్పు పట్టాయి. సర్వీస్ వాళ్ళకి ఫోటో పంపితే అది వారంటీలోకి రాదు అన్నారు, కొత్తవి కొన్నాను. దీనికి ఒక స్టార్ తగ్గించేస్తున్నా, తీరం ఊళ్ళల్లో అమ్మేటప్పుడు ఆ మాత్రం స్టీలు మంచిది వెయ్యాలి. ఇప్పుడు ఆడటం అవ్వగానే జాలీ తీసి పొడిగుడ్డతో తుడిచి, బియ్యం డబ్బాలో గుచ్చి పెడుతున్నా, తుప్పు రావట్లేదు. లోపలి గదిలో ప్రతిసారీ గుప్పెడు పిండి మిగిలిపోతుంది, అది తియ్యకపోతే పది రోజుల్లో పురుగు పడుతుంది, కాబట్టి వాడిన ప్రతిసారీ ఐదు నిమిషాల బ్రష్షు పని తప్పదు.

సర్వీస్ అబ్బాయి ఏడాదికి ఒకసారి వస్తాడు, ఆయన సంచిలో బ్రష్షు, గుడ్డలు రోజంతా పది ఇళ్ళ గోధుమ పిండిలో తిరిగినవి. మా ఇంట్లో మా బ్రష్షు, మా గుడ్డే ఇస్తాను, సంచి బయట పెట్టమంటాను. మొదటిసారి కొంచెం వింతగా చూశాడు, బాబుని చూపించి చెప్పాక ఆయనే అన్నాడు, ఫోన్ చేసినప్పుడే చెప్పండి అక్కా, మీ ఇంటికే పొద్దున్న ముందు వస్తాను అని.

ప్యాకెట్ పిండ్లు కొనుక్కోవచ్చు కదా అని అడిగేవాళ్ళకి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే మన దేశంలో కేజీకి 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలి, అది మంచి రూలే, ఆ ప్యాకెట్లు నేనూ వాడాను, కానీ ఒక్క అరకేజీ ప్యాకెట్ ధరలో నాకు రెండు కేజీల చోళ్ళు వస్తాయి, పైగా గ్లూటెన్ ఫ్రీ కేకు పౌడర్లు కొన్నిట్లో పాలపొడి ఉంటుంది, ఆ ముద్ర చూసి మోసపోకూడదు. 2023 ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక అన్ని షాపుల్లో చోడి బిస్కెట్లు, మిల్లెట్ నూడుల్స్ వచ్చాయి, ఎంతో ఆశగా తీసి వెనక్కి తిప్పితే చాలాసార్లు అందులో కలిపిన వాటి జాబితాలో మొదటి పేరు గోధుమ పిండో మైదానో ఉండేది. వాడు షాపులో నా చెయ్యి పట్టుకుని, ఇది నాకు పడుతుందా అని అడిగి నేను చదివేదాకా నిలబడతాడు, ఆ ప్యాకెట్ మళ్ళీ షెల్ఫులో పెట్టేటప్పుడు నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇంట్లో ఎవరికీ అలర్జీ లేకపోతే, దగ్గర్లో మంచి మిల్లు ఉంటే, 19,500 దీనికి పెట్టక్కర్లేదు. ఇంట్లో మిగతా అందరూ గోధుమ తింటూ అదే మరలో గోధుమలు కూడా ఆడదాం, తర్వాత తుడిచేద్దాం అనుకుంటే కూడా కొనొద్దు, ఆ గొట్టం, ఆ ఫిల్టరు తుడిస్తే శుభ్రమయ్యేవి కావు, నేను విప్పి చూశాను. ఈ మర ఒక్క రకం ఇంటికే, గోధుమ గుమ్మం దాటి లోపలికి రాకూడని ఇంటికి. అలాంటి ఇంటికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా.

మర్రిపాలెంలో ఒకావిడ పాపకి కూడా గోధుమ పడదట, మా డాక్టర్ గారి దగ్గర వెయిటింగ్‌లో పరిచయమయ్యారు, వాళ్ళకి ఇప్పుడే మర కొనే పరిస్థితి లేదు. ఈ ఆదివారం వాళ్ళ చోళ్ళు మా ఇంట్లోనే ఆడుతున్నాం. రెండు ఎండలు బాగా ఎండబెట్టి, చెరగకుండా అలాగే తెచ్చెయ్యమని చెప్పాను, చేట దగ్గర మా అత్తయ్య కూర్చుంటానన్నారు.